చలేస్తోందన్నాడు

అమెరికాలోని డులూత్‌లో, తండ్రి అంత్యక్రియలైన మర్నాడు, చర్చి ఆడవాళ్ళు వంటకాలు తెచ్చిచ్చిన గిన్నెలన్నీ తల్లి ఆర్డిస్ కడుగుతుంటే బ్రిటా పక్కన నిలబడి తుడుస్తోంది.

"...ఆ నీలం గిన్నె మార్లిస్‌దే. అడుగున టేపు మీద పేరుంటుంది చూడు."

"ఉంది. అమ్మా, నిన్న మార్లిస్‌కి నేనేం పని చేస్తున్నానని చెప్పావ్?"

"ఏం చెప్పాను?"

"ఫిజియోథెరపీ అన్నావట. నన్ను ఓ మూలకి తీసుకెళ్ళి మోకాలు చూపించింది."

"మరేం చెప్పమంటావ్? చర్చిలో శవపేటిక పక్కన నిలబడి, మా అమ్మాయి ముక్కూమొహం తెలీని మగాళ్ళని గంటకింతని తీసుకుని వాటేసుకుంటుందనా?"

"మగాళ్ళొక్కళ్ళే కాదు, ఆడవాళ్ళూ వస్తారు. ఒంటి మీద బట్టలు ఒంటి మీదే ఉంటాయి. వాళ్ళు సరేననేదాకా వేలు కూడా తగలనివ్వను. ఎన్నిసార్లు చెప్పాలి?"

"చెప్పొద్దు. ఆ గుడ్డ తడిసిపోయింది, ఇంకోటి తీసుకో."

"పెళ్ళాం చచ్చిపోయిన ఒకాయన వస్తాడు. నా భుజం మీద తల పెట్టుకుని నిద్రపోతాడు, అంతే. అందులో తప్పేముంది?"

"తప్పని నేనన్నానా?"

"అనలేదు. మొహం తిప్పుకున్నావ్."

"మన ఇళ్ళల్లో అది లేదు బ్రిటా. మా అమ్మ నన్ను దగ్గరికి తీసుకున్నట్టు నాకు గుర్తే లేదు. బతకలేదా మేం?"

"బతికారు."

"సరే, నేనొకటి అడుగుతాను. ఊళ్ళో వాళ్ళందర్నీ పొదివి పట్టుకుంటావే, మీ నాన్న అక్కడ ఆసుపత్రి మంచం మీద అలా ఉంటే... కుర్చీలో కూర్చున్నావ్. కోటన్నా విప్పలేదు."

"ఆ ప్లేటు ఇలా ఇవ్వు."

"నేను చూశాను బ్రిటా."

"చూశావని తెలుసు. కళ్ళు మూసుకుంటే నాకూ ఆ కుర్చీయే కనిపిస్తోంది."

"మరెందుకు..."

"భయమేసింది. ఎవరొచ్చినా ముందు అడుగుతాను, పట్టుకోనా అని. రోజూ అడిగే మాటే. నాన్నని అడగలేకపోయాను. నా పని సంగతి తెలిసిన దగ్గర్నుంచీ నాతో చేపలూ మంచూ తప్ప ఇంకేం మాట్లాడాడు? నా చెయ్యి తగిలితే అసహ్యించుకుంటాడేమోనని..."

"అసహ్యమా? మీ నాన్నకా?"

"ఏమో, నాకలా అనిపించింది. ఇలా రా అని ఒక్కమాట ఆయన అంటే చాలనుకున్నా. అనలేదు. అడక్కుండా ముట్టుకోకూడదని నేను పెట్టుకున్న నియమం ఒకటుందిగా, దాని వెనకాల దాక్కున్నా. డబ్బిచ్చేవాళ్ళకి రెండు చేతులూ, కన్నతండ్రికి ఒక్కటీ లేదు."

"అలా అనకు."

"నువ్వేగా అన్నావ్ ఇప్పుడు."

"అన్నాను. అనకుండా ఉండాల్సింది."

"అమ్మా, నీళ్ళు పొర్లిపోతున్నాయ్. కుళాయి కట్టెయ్. అమ్మా?"

"ఆదివారం ఆసుపత్రిలో నువ్వు కాఫీకని కిందికెళ్ళావు."

"ఊఁ."

"అప్పుడడిగాడు."

"ఏమని?"

"'బ్రిటా అందరికీ చేసేది నాకూ చేస్తుందేమో అడుగు ఆర్డిస్, చలేస్తోంది' అని."

"నువ్వేమన్నావ్?"

"నర్సులు చూస్తే బాగోదు, ఊరుకో వెర్నన్, అన్నాను. ఇంకో దుప్పటి తెప్పించి కప్పాను."