పిల్లికి కూడా థాంక్స్ చెప్పినవాడు

న్యూయార్క్, బ్రాంక్స్. ఆరో అంతస్తులో ఓ వంటిల్లు. పొద్దున్నే తల్లిని సమాధి చేసి వచ్చిన డోర్సీ. ఎన్నో ఏళ్ళ తర్వాత గడప తొక్కిన చిన్ననాటి స్నేహితుడు, ర్యాపర్ లామాంట్.

"ఆ కుర్చీ కాదు. అది అమ్మది. ఇటు కూర్చో."

"లిఫ్ట్ ఇంకా బాగవలేదా డోర్సీ? ఎక్కేసరికి ప్రాణం పోయింది."

"బాగుంటే మన పాటల రికార్డుకి ఆ పేరెక్కడిది. మన అన్నానా? నీ రికార్డుకి."

"మొదలెట్టావా."

"నాకు ఓపిక లేదు లామాంట్. చర్చి ఆడవాళ్ళు ఊరికి సరిపడా చికెన్ తెచ్చారు. తిని వెళ్ళు."

"'లిఫ్ట్ పనిచెయ్యదు'కి ముప్పయ్యేళ్ళయింది. మళ్ళీ విడుదల చేస్తున్నారు. దాని మీద..."

"చదివాన్లే. ఆ దరువుతో ర్యాప్ దారే మారిపోయిందట. కాలేజీల్లో పాఠం చెప్తున్నారట. అది ఈ బల్ల మీద నేను కట్టిందని ఒక్కడూ రాయలేదు."

"అందుకే వచ్చాను. ఈసారి అట్ట మీద నీ పేరు..."

"చివరి పాటలో అందరికీ థాంక్స్ చెప్పావు. మెట్లు ఊడ్చేవాడికి, శాండ్‌విచ్‌లు అమ్మేవాడికి, వాడి పిల్లికి. పిల్లికి రా. నా దగ్గరికొచ్చేసరికి నోరు పడిపోయింది."

"అప్పుడు నువ్వు జైలు నుంచి పెరోల్ మీద బయటున్నావు."

"అయితే?"

"చీకటి పడితే ఇల్లు కదలకూడదు నువ్వు. రాత్రంతా నాతో స్టూడియోలో ఉన్నావు. పాటలో నీ పేరు వినబడితే మళ్ళీ లోపలికే."

"ఆ మాట నాతో అనొచ్చుగా. వద్దంటానా?"

"వద్దనవు. జైలుకైనా పోతాను, నా పేరుండాల్సిందే అంటావు."

"అంటాను. అనేవాణ్ణే. సరే, పెరోల్ గడువు తీరి శిక్ష పూర్తయ్యాక? ఇన్నేళ్ళూ నోట్లో ఏం పెట్టుకున్నావు?"

"పత్రికలవాళ్ళు అడిగితే, ఓ స్నేహితుడు చేశాడని చెప్పి మాట మార్చేవాణ్ణి. నేనూ అలిసిపోయాను రా. ఒట్టేశాను."

"ఎవరికి?"

"కాస్త మంచినీళ్ళియ్యి."

"ఎవరికి రా?"

"మీ అమ్మకి. రికార్డింగ్ చివరిరోజు స్టూడియోకొచ్చింది, చర్చికి పెట్టుకెళ్ళే టోపీతోనే. నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. వాడి పేరు తీసెయ్, నేను బతికుండగా ఆ పేరెక్కడా ఎత్తకు, నేనడిగానని వాడికి చెప్పకు, తెలిస్తే నా మొహం చూడడు అంది."

"అబద్ధం. నీ పేరెత్తితే ఒంటికాలి మీద లేచేది అమ్మ. నా కొడుకు కష్టం మింగేశాడు అనేది."

"అననీలే. క్రిస్మస్‌కి చిలగడదుంప 'పై'లు, ఆ తీపి రొట్టెలు చేసేది కదా. ఎన్ని చేసేది?"

"రెండు. ఒకటి మాకు, ఒకటి పాస్టర్‌గారికి."

"ఆ రెండోది మా ఇంటికి తెచ్చేది రా. ఏటా. లోపలికి రమ్మంటే వచ్చేది కాదు. గుమ్మంలోనే నిలబడి, వాడికి చెప్పలేదు కదా నాయనా అని అడిగి వెళ్ళిపోయేది."