గది నిశ్శబ్దం

"ఆపండి, ఆపండి మదామ్. డప్పులేవీ? ఇక్కడ డప్పులు మోగాలి కదా."

"తీసేశాను."

"తీసేశారా? పాపం మ్యూజిక్ డైరెక్టర్ నెల్లాళ్ళు కూర్చుని కట్టాడు."

"కట్టనీ. నీ పెళ్ళికి వాయించుకుందాం. సినిమా మొదట్లో మాత్రం వద్దు."

కైరో నడిబొడ్డున, పాత సినిమా హాలు వెనక సందులో, రెండు కుర్చీలు వేస్తే మూడో మనిషి నిలబడే ఉండాల్సిన ఎడిటింగ్ గది అది. ఎడిటర్ ఇన్షిరాహ్ తెర ముందు కూర్చుంది. ఆమె చేతి కిందే ఎదిగి డైరెక్టరైన రవూఫ్, మధ్యాహ్నం తిండికని తెచ్చిన పొట్లం చేతిలో పట్టుకుని, విప్పడం కూడా మరిచిపోయి ఆమె వెనక నిలబడ్డాడు.

"థ్రిల్లర్ మదామ్ ఇది. మొదటి నిమిషంలోనే జనం బిగుసుకుపోవాలి. లేకపోతే జేబుల్లోంచి ఫోన్లు తీస్తారు."

"తీయరులే. కూర్చో. ఆ తమియ్యా వడలు తిను, చల్లారిపోతున్నాయి."

"తర్వాత తింటాను."

"అయితే తెర చూడు. ఏముంది?"

"షుబ్రాలో మనం తీసిన ఇల్లు. బల్ల. టీ గ్లాసు."

"గ్లాసులోంచి?"

"ఆవిరి."

"తాగే మనిషి?"

"లేడు."

"అదీ సంగతి. ఆవిరుంది, మనిషి లేడు. ఇప్పుడే లేచాడన్నమాట. వేడి టీ వదిలేసి ఎందుకు లేచాడు? నువ్వేం చెప్పక్కర్లేదు, చూసేవాడే వెతుక్కోవడం మొదలుపెడతాడు. ఇదిగో, ఒక చెప్పు బల్ల కింద, రెండోది గుమ్మం దగ్గర బోర్లా. బయట పొరుగావిడ తలుపు కొడుతోంది, లోపలెవరూ పలకరు. కెమెరా మెల్లిగా పడగ్గది దాకా వెళ్తుంది. తలుపు ఓరగా తీసుంది..."

"లోపల శవం."

"అక్కడ కోసేశాను."

"అదేమిటి మదామ్. రోజంతా తీశాం ఆ శవాన్ని. ఆ నటుడు ఒళ్ళంతా ఎర్ర రంగు పూసుకుని పొద్దుట్నుంచీ నేల మీదే పడున్నాడు."

"లేపి ఇంటికి పంపించు. తలుపు తెరిచావా, భయం అక్కడితో సరి. లోపలేముందో తెలిశాక జాలిపడతారు, ఏడుస్తారు. భయపడరు. తెరవనంతసేపే తలుపుకి విలువ. నీకు మొదట్నుంచీ ఇదే జబ్బు రవూఫ్. మాకు టీలు మోసే రోజుల్లో కూడా కనపడిన ప్రతి డబ్బా మూత తీసి చూసేవాడివి."

"చూస్తే మీ ఆయన, వగ్దీ బాబాయ్, వీపు మీద ఒకటిచ్చేవాడు. 'ఒరేయ్, నా మైకుల జోలికొస్తే చెవులు కోస్తా' అని."

"అనేవాడు."

"ఇంటి దగ్గర ఎప్పుడూ ఒరేయే. షూటింగులో మాత్రం అందరి ముందూ 'ఉస్తాద్' అనేవాడు. నా మర్యాద తక్కువ కాకూడదని. నాకు నవ్వొచ్చేది."

"ఆయనకీ వచ్చేది. ఇంటికొచ్చి నవ్వేవాడు."

"ఆయన పోయిన నలభయ్యో రోజుకి రాలేకపోయాను మదామ్. ముఖం చెల్లక ఫోన్ కూడా చేయలేదు."

"సరేలే. ఖురాన్ చదివించాం, రొట్టెలు పంచాం. అందరూ వచ్చారు, వెళ్ళారు. సినిమా చూడు."

"మళ్ళీ వేయండి. డప్పులు లేకుండా ఎలా ఉంటుందో విందాం."

"విను."

"ఊఁ... టీ... చెప్పులు... బాగుంది... ఆగండి. ఆ చప్పుడేమిటి?"

"ఏ చప్పుడు?"

"తలుపు దగ్గరికి వచ్చేసరికి. ఎవరో ఊపిరి తీస్తున్నారు."

"ఫ్యాను అయ్యుంటుంది."

"ఫ్యాను కాదు, మనిషే. లాక్కుని లాక్కుని తీస్తున్నాడు. మళ్ళీ వేయండి... అబ్బ. ఇదిగో నా చెయ్యి చూడండి, రోమాలెలా లేచాయో. గదిలో మనిషి లేడు, ఊపిరుంది. అంటే హంతకుడు తలుపు వెనకే ఉన్నాడు. ఎక్కడ పట్టారు మదామ్ దీన్ని?"

"పట్టలేదు. పొరపాటున ఉండిపోయింది. తీసేస్తాను."

"తీసేయడమేమిటి, పెంచండి. హంతకుడు దగ్గరికొచ్చినప్పుడల్లా ఇదే వేద్దాం. సినిమా అంతా."

"వద్దు."

"ఎందుకొద్దు?"

"వద్దన్నానా. హంతకుడికి వద్దు."

"ఎవరితో చేయించారో చెప్పండి, పేరు వేసుకుందాం."

"పేరు పడుతూనే ఉంది. శబ్దం అని రాసి, దాని కింద."

"శబ్దం కింద వగ్దీ బాబాయ్ పేరు... మదామ్."

"షుబ్రా ఇంట్లో చివరి రోజు తీసిన గది నిశ్శబ్దం ఇది. ప్రతి ఇంట్లోనూ పని అయ్యాక తీసేవాడు కదా, ఉత్త గది చప్పుడు. అది కింద పరిస్తేగానీ నా అతుకులు దాగవు."

"గుర్తుంది. 'ఎవరూ కదలొద్దు' అన్నాడు. అందరం ఎక్కడివాళ్ళక్కడ బొమ్మల్లా నిలబడ్డాం. నేను కళ్ళు మూసుకున్నాను."

"అందరూ మూసుకుంటారు. ఒకరి మొహం ఒకరు చూస్తే నవ్వొస్తుందని. మైకు కర్ర పట్టేవాడు ఆ రోజు రాలేదు. ఈయనే రెండు చేతులూ పైకెత్తి పట్టుకున్నాడు. గుండెలో నొప్పి అప్పటికే మొదలైంది. కర్ర దించితే చప్పుడవుతుంది. దించలేదు."

"ఎవరైనా కళ్ళు తెరిచి చూసుంటే..."

"చూసినా ఎవరు కదులుతారు రవూఫ్? నిశ్శబ్దం పడుతుంటే కదిలే అలవాటు మనకెవరికుంది?"

"ఇంటికెళ్తుంటే మైక్రోబస్సులో కూలిపోయాడన్నారు. హఠాత్తుగా అన్నారు."

"అందరికీ అలాగే చెప్పాను."

"తీసేయండి మదామ్. నేను... హంతకుడన్నాను. నా నోరు పడిపోను."

"నీకేం తెలుసు పాపం. నేనే, పొద్దున పని మొదలెట్టే ముందు ఒకసారి వింటాను. ఇవాళ విని, మూయడం మరిచిపోయాను. ఇంట్లో ఆయన ఫొటోలున్నాయి, చొక్కాలున్నాయి. గొంతు లేదు. ఇన్నేళ్ళు ఊళ్ళోవాళ్ళందరి గొంతులూ పట్టాడు, తనది ఒక్కటీ దాచుకోలేదు. నాకు మిగిలింది ఈ ఊపిరే. దాని కోసమే వస్తున్నాను పనికి. నిజం చెప్తున్నా, నీ సినిమా కోసం కాదు."

"గొంతు ఎందుకు లేదు? ఇందులోనే ఉండాలి. నిశ్శబ్దం పట్టాక ప్రతిసారీ 'అయింది, ఇక కదలండి' అనేవాడుగా."

"లేదు."

"ఎందుకుండదు? అక్కడెందుకు ఆపేశారు?"

"తర్వాత ఏమీ లేదు గనక."

"ఊపిరి సగంలో ఉండగా కోశారు. మీరు ఊపిరి మధ్యలో ఎప్పుడూ కోయరు మదామ్. కోస్తే చచ్చినవాడిలా వినిపిస్తుందని నాకు నేర్పింది మీరే."

"తమియ్యా తిను రవూఫ్."

"నాకొద్దు. తర్వాతది వేయండి."

"నా మాట విను. ఆ తలుపు అలా ఉండనీ. తెరిస్తే మళ్ళీ మూసుకోదు."

"పాడె మోసినవాణ్ణి మదామ్ నేను. ఆయన చివరి మాటేమిటో నాకు తెలియొద్దా?"

"నువ్వు తట్టుకోలేవనే కోశాను. నీ మీద కోపంతో కాదు. ఆ సంగతి ముందు బుర్రలో పెట్టుకో."

"నా మీద కోపమేమిటి? ఏముంది అందులో?"

"ఆయనది ఒక్క మాటే ఉంది. దానికి ముందు ఇంకో గొంతుంది."

"ఎవరిది?"

"నీది. చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకునున్నావు. 'ఎవరో ఊపిరి తీస్తున్నారు, ఇది పనికిరాదు, మళ్ళీ మొదట్నుంచి' అన్నావు."

"నేను... అన్నానా? ఆయనేమన్నాడు?"

"'సరే ఉస్తాద్' అన్నాడు. రెండోసారి తీసింది కూడా నా దగ్గరుంది రవూఫ్. అందులో ఊపిరి వినపడదు. బిగబట్టుకుని నిలబడ్డాడు."