నలభై రెండు మీటర్లు

థూ! ఆ లేజరు మిషను పేరెత్తొద్దన్నా. దానికన్నా ఈ ఆస్పత్రి కంపే నయం.

ఏం హనుమంతన్నా, గోడ పక్కకి తిరుక్కుంటివి? కాలు నొస్తాందా? వదినె బయట డాక్టరుతో మాట్లాడతాంది. ఎస్సై వచ్చేలోపల నీతో నాలుగు మాటలు చెప్పుకుందామని వస్తి. నీ కాల్లో గుండు దించిన ఈ చంద్రప్ప మొగం నీకు చూడబుద్ధి కాదులే. నాకే అద్దంలో చూసుకోబుద్ధి అయితల్లేదు.

పక్కపక్క చేన్లు మనవి. అడివి పందులు మన శెనక్కాయ ఎట్ల దున్నిపారేసినాయో నీకు చెప్పల్లనా? నాయన కాలం నాటి తుపాకి, లైసెన్సు ఉండాది, పందుల్ని కాల్చనీకి కాగితమూ ఉండాది. అయితే యాభై మీటర్లు దాటితే గుండు పందిని గీరుతాది, అంతే. దెబ్బ తిన్న పంది మనిషి మీదికే వస్తాది గదా! అందుకే దూరం కొలిచే లేజరు కొందామని హిందూపురం పోతి.

ఆ అంగడాయప్ప మూడు పెట్టినాడన్నా. వేటకి పనికొచ్చేది ఇరవై వేల పైన. నడిమిది పదమూడు. కడాది ఆరున్నర, గోల్ఫు ఆడేటోళ్ళదంట. “ఏదైనా కొలిచేది దూరమేగదప్పా” అనె. వాని నోట్లో మన్ను పడ! నేను మాత్రం? దుడ్లు మిగిలెనని ఇకిలించుకుంటా కడాదే తెస్తి.

వచ్చేటప్పుడు పెనుకొండలో బస్సు దిగి కోట గోడకి గురిపెడితి. మూడు నూర్ల పదారని టక్కున చూపించె. ఆడున్నోళ్ళంతా మూగి “భలే ఉండాదే!” అంటాంటే మీసం మెలేస్తినన్నా. గోడ! అంత గోడని ఏ మిషను కొలవదు? పంది మీద ఒక్కసారన్నా చూడల్లనే బుద్ధి పుట్టలేదు ఈ మొగానికి.

పందులు రాకుండా మన చేన్ల నడిమి గట్టు మీద చీరలు కడితిమి చూడు, వదినె ధర్మవరం నుంచి తెచ్చిన పాతవి. నిన్న తెల్లారుతాంటే ఆ చీరల కాడ నల్లగా ఏందో వంగి కదులుతాండాది. గట్టుకి ఈపక్కనా, ఆపక్కనా? మసకలో తెలీలే. లేజరు కొడితే నలభై రెండనె. గట్టు యాభై ఉంటాదని నా అంచనా, అంటే నా చేన్లోనే అనుకుంటి.

అది కొలిచింది చీరనంట, నిన్ను కాదంట! సైన్సు సారు రామాంజి చెప్పినాడు, ఇట్లాంటి గోల్ఫు మిషను ముందర ఏది అడ్డముంటే దాన్నే కొలుస్తాదంట. నువ్వేమో ఆపక్క నీ చేన్లో, డెబ్బై మీటర్ల దూరాన కాయ పెరికి చూసుకుంటాండావు.

ఊరంతా ఇదే మాట. పాపం, పంది అనుకున్నాడు, మిషను మోసం చేసింది. నేనూ నిన్నటి నుంచి అదే పాట. వదినె కూడా ఎస్సైకి అట్లే చెప్తాదంట. ఆయమ్మ మంచితనం చూస్తే నా మీద నాకే అసియ్యమైతాంది.

అట్ల చూడొద్దన్నా.

కాల్చేముందు నువ్వు దగ్గినావు. రెండుసార్లు. నాకు ఇనపడె.

పంది దగ్గుతాదా?

మనిషేనని తెలుసన్నా నాకు. నలభై రెండని చూపిస్తాండాది గదా, నా చేన్లో దూరిన దొంగ అనుకుంటి. గుప్పెడు కాయలకి, తుపాకి కిందికి దించి, కాళ్ళకి గురి చూసి కొడితి.

ఎస్సై వస్తే ఇది నువ్వే చెప్పన్నా. నాకు నోరు రాదు.