కర్రలు సర్దిపెట్టిన అధికారిణి

పంతొమ్మిది వందల తొంభై ఒకటి, జూన్ మూడవ తేదీ, సోమవారం ఉదయం మన మేతభూముల పరిపాలనా కార్యాలయంలో సహాయ అధికారిణిగా ఒక యువతి బాధ్యతలు స్వీకరించారు. కుర్చీ చూపించేలోగానే ఆమె బల్లమీది దస్త్రాలను ఎత్తు ప్రకారం పేర్చి, గుమ్మంలో అడ్డదిడ్డంగా పడి ఉన్న చెప్పులను జతలు కలిపి గోడవారన పెట్టారని నాటి ముఖ్య గుమాస్తా చెప్పేవారు. సర్దడం ఆమె స్వభావం. ఆ స్వభావమే ఆమె ఉద్యోగ జీవితాన్ని మలుపు తిప్పిందంటే ఈ వీడ్కోలు సంచిక చదివే మన శాఖ కుటుంబ సభ్యులు నవ్వుకుంటారేమో గానీ, మెట్ట ప్రాంతపు కాపరులు మాత్రం నవ్వరు.

తొలి సంవత్సరాలు సర్వే రాళ్ల వెంటా, పశువైద్య శిబిరాల వెంటా గడిచాయి. పదోన్నతిపై మెట్ట విభాగానికి వెళ్లిన ఏడాదే అసలు పరీక్ష ఎదురైంది. వేసవిలోనూ ఎండని ఊట అక్కడ ఒక్కటే. ఏ మంద ఎప్పుడు ఆ నీరు తాగాలో తరతరాలుగా కాపరుల సభ వంతులు వేసేది. ఆ వంతులను కుటుంబ యజమానుల పేరిట ఉత్తర్వుగా జారీ చేయాలని ప్రభుత్వం తలపెట్టింది. ఎండలు ముదిరేలోగా సభ సమ్మతి రాకపోతే ఊటకు కంచె వేసి తాళం బిగించాలన్నది పైవారి ఆదేశం. తాళం పడితే మందలు మిగలవు.

ఆ సభలో ఓట్లుండవు. వచ్చినవారందరూ తమ చేతికర్రలను నేలమీద పెట్టి కూర్చుంటారు. నిర్ణయం నచ్చినవారు ఎవరి కర్ర వారు తీసుకుని లేస్తారు. ఒక్క కర్ర మిగిలినా మాట తెగనట్టే. మన శాఖ రేకుల గోదాములో జరిగిన తొలి సమావేశంలో మధ్యాహ్నం దాకా వాదించి, ఒక్క కర్రా లేవకుండానే, అందరూ మందలను చూసి రావడానికి బయటికి వెళ్లారు. తిరిగి వచ్చేసరికి మన అధికారిణి, ఎవరైనా తట్టుకుని పడతారన్న సదుద్దేశంతో, కర్రలన్నీ ఏరి, దుమ్ము దులిపి, పొడవు ప్రకారం గోడకు ఆనించి ఉంచారు!

కాపరులు గుమ్మంలోనే ఆగిపోయారు. సభ పెద్ద నెమ్మదిగా నోరు విప్పాడు.

"ఎంత పని చేశావమ్మా! ఒకరి కర్ర ఇంకొకరు ఎత్తితే వాళ్ల తగాదా నెత్తినేసుకున్నట్టే. నువ్వేమో అందరివీ ఎత్తావు."

"తెలీదని చెప్పెయ్యండి మేడమ్, వదిలేస్తారు," అని జీపు డ్రైవరు చెవిలో ఊదాడు.

ఆమె తల దించలేదు. "ఎత్తింది నేనే కదా. నేనే తేలుస్తాను," అన్నారు.

కొరివితో తల గోక్కోవడమంటే ఇదేనని కార్యాలయమంతా అనుకుంది. ఆనాటి నుంచీ ఆమె కాపరులకు 'కర్రలమ్మ' అయ్యారు. గుడారం గుడారానికీ తిరిగి, ఒక్కొక్కరి అభ్యంతరాన్నీ విని, నచ్చజెప్పి, కొన్నిచోట్ల తిట్లు తిని, ఒక్కరిని తప్ప అందరినీ ఒప్పించి కర్రలు తీయించారు. ఆ ఒక్కరూ భర్తను పోగొట్టుకుని, ఒంటరిగా మందను కాస్తున్న ఒక పెద్దమ్మ.

"మా సభలో వంతు మందది తల్లీ, మనిషిది కాదు. మీ కాగితం మీదేమో యజమాని పేరు రాస్తారట. మా ఆయన లేడు. రేపు మా మరిదినే యజమాని అంటారు. అప్పుడు ముందు ఎవరి మేకలు తాగుతాయో నువ్వే చెప్పు."

పెద్దమ్మ చెప్పింది నిజమేనని ఆమెకు తెలిసింది. తెలిశాక ఇక వెనుదిరగలేదు.

"ఒక్క ముసలమ్మ కోసం ఆగుతామా? తెగేదాకా లాగకండి, సభ ఒప్పుకుందని సంతకం పెట్టెయ్యండి," అన్నారు పై అధికారి.

"ఆవిడ ఒప్పుకునేదాకా పెట్టను సార్."

"తాళం పడితే బాధ్యత మీదే."

"పడనివ్వను."

అక్కడి నుంచి న్యాయ విభాగానికి కాళ్లరిగేలా తిరిగారు. "చట్టంలో మంద అనే వ్యక్తి లేడమ్మా," అని న్యాయ సలహాదారు విసుక్కుంటే, "కంపెనీ అనే వ్యక్తి ఉన్నాడు కదండీ. వాడు నీళ్లు కూడా తాగడు," అన్నారట. ఊట దగ్గర కంచె స్తంభాలు దించుతున్న రోజున, వంతులు మందల పేరిటే ఉంటాయన్న సవరించిన ఉత్తర్వు చేతికొచ్చింది. పెద్దమ్మ అది చదివించుకుని విని, గోదాములో మిగిలిన తన కర్ర తీసుకుని, "సరేనమ్మా, మేకలకు వేళయింది," అంటూ వెళ్లిపోయింది. స్తంభాలు మళ్లీ లారీ ఎక్కాయి.

తదనంతరం ఆ ఉత్తర్వునే నమూనాగా తీసుకుని ఇతర మేతబీడులలోనూ సంప్రదాయ సభలకు పరిపాలనలో స్థానం కల్పించి, సంయుక్త సంచాలకురాలి హోదా వరకూ ఆమె ఎదిగిన తీరు మనందరికీ ప్రత్యక్షంగా తెలిసినదే. గణితోపాధ్యాయులైన ఆమె భర్తగారు మాత్రం, "ఆవిడ నా కళ్లజోడు సర్దితే సాయంత్రం దాకా దొరకదు. ఇంత రాష్ట్రాన్ని ఎలా అప్పగించారండీ?" అని నేటికీ వాపోతుంటారు.

పోయిన వారం కాపరుల సభ కూడి, ఆమెకు ఊట దగ్గర ఒక వంతు ఇవ్వాలనుకుంది. వంతు మందదే గానీ మనిషిది కాదన్న ఆమె ఉత్తర్వే అడ్డొచ్చింది. వారేమీ తగ్గలేదు, పెద్దమ్మ మనవరాలు తన మందలోంచి ఒక మేకపిల్లను మొదట వేరు చేయగా, తక్కినవారూ తలా ఒకటి కలిపి, ఏకంగా ఆమెకొక మందనే తయారు చేశారు. ఉద్యోగంలో ఉండగా కానుకలు పుచ్చుకోరాదు గనుక, పదవీ విరమణ చేస్తున్న ఈ సాయంత్రం కార్యాలయం మూసేదాకా ఆగమని మేడమ్ కబురంపారు. కాపరులు గేటు బయట ఆగే ఉన్నారు.

ఆ పిల్లలు పెరిగి, వాటికి పిల్లలు కలిగి, అవి ఊటకు నడిచే ప్రతి వేసవిలోనూ వాటి వెంట నడిచే సత్తువ ఆమెకు నిండుగా ఉండాలనీ, భర్తతో, బిడ్డలతో నూరేళ్లు చల్లగా ఉండాలనీ, ఎవరి సిఫారసూ లేకుండా అందరితోపాటు తన వంతు కోసం నిలబడాలనీ మనసారా కోరుకుంటున్నాము.