నయమైన తేదీ

గోటెన్‌బర్గ్, 1979 ఆగస్టు చివర, పొద్దున తొమ్మిదిన్నర. ట్రామ్ నడిపే గున్వర్ వంటగదిలో ఫోను పట్టుకుని నిలబడింది. టేబుల్ మీద రెండు కప్పుల్లో కాఫీ పోసి ఉంది. ఫోనులో అటువైపు ఆరోగ్య బీమా ఆఫీసు మార్తా.

“...జబ్బు కాదండీ. అసలు లేదు. పోయిన గురువారం నేను చెప్పింది కొట్టేయండి, అంతే.”

“కొట్టేయడాలుండవమ్మా. గున్వర్ బ్రిస్మాన్, గురువారం నుంచి సెలవు, కారణం... ఆగండి. కారణం, స్వలింగ సంపర్కం. మీరు చెప్పిందేనా?”

“నేనే.”

“‘ఇవాళ ట్రామ్ నడపలేనంత లెస్బియన్‌గా ఉంది’ అన్నారట. మా ఆఫీసులో అమ్మాయి అలాగే రాసుకుంది.”

“జోకండీ అది. అంటే జోకు కాదు, ఉద్యమం. మేమందరం అలాగే ఫోన్లు చేశాం. సర్కారు మానసిక జబ్బుల లిస్టులో మేమున్నాం కదా. జబ్బయితే సెలవియ్యండి, కాదంటే లిస్టులోంచి తీసెయ్యండి అని.”

“మరి ఇచ్చాం కదా సెలవు.”

“అదే వచ్చిన చిక్కు. ఇవ్వరనుకున్నాం.”

“అన్నీ సరిగ్గా ఉంటే ఎందుకివ్వం?”

“మీరు కాదంటే పేపర్లకెక్కిద్దామని కూర్చున్నాం. మీరేమో స్టాంపు కొట్టి పంపేశారు.”

“రెండ్రోజుల్లో పంపాం. మామూలుగా వారం పడుతుంది.”

“థాంక్సండీ.”

“ఏ నంబరు ట్రామ్ మీది?”

“ఏడు.”

“మా చెల్లెలు రోజూ దాంట్లోనే వెళ్తుంది. సరే, కాగితమొస్తే ఏమైందిప్పుడు?”

“కాపీ డిపోకి కూడా వెళ్లింది. మా ఆయన, అంటే మాజీ ఆయన, ఆ డిపోలోనే మెకానిక్. పాప ఎవరి దగ్గరుండాలో ఎల్లుండి కోర్టులో తేలుస్తారు. నిన్న వాళ్ల లాయరు ఉత్తరం వచ్చింది. తల్లికి మతి బాగోలేదని సర్కారే రాసిచ్చింది, తల్లే ఒప్పుకుంది, ఇంక బిడ్డనెలా ఇస్తారు అని.”

“అయ్యో.”

“అందుకే కొట్టేయమంటున్నా.”

“అమ్మా, నా ఫారంలో రెండే గడులు. జబ్బుగా ఉంది, నయమైంది. అసలు జబ్బే కాదు అనే గడి లేదు.”

“లేదు కదా. మా గొడవంతా దానికే.”

“నయమైందని రాయనా?”

“రాస్తే, ఇది మందేస్తే పోయేదని నేనే ఒప్పుకున్నట్టు.”

“రాయకపోతే ఇంకా ఉన్నట్టు.”

“ఒక్క నిమిషం ఆలోచించుకోనివ్వండి. కాదు, వద్దు, నిమిషం లేదు. బార్బ్రో వచ్చేస్తుంది.”

“బార్బ్రో ఎవరు?”

“నాతో ఉంటుంది, నాలుగేళ్లుగా. తనూ గురువారమే మీకు ఫోన్ చేసింది. ఊరేగింపులో మేం పట్టుకునే అట్టలన్నీ తన రాతే. నయమైందన్నానని తెలిస్తే నా మొహం చూడదు. అసలు నిన్న ఆ ఉత్తరం చదివినప్పట్నుంచీ మాటే లేదు. రొట్టె తెస్తానని ఎనిమిదింటికి సైకిలేసుకుని వెళ్లింది.”

“బేకరీ దూరమా?”

“ఎదురు వీధే. ఏం?”

“ఏం లేదు. చెప్పండి, ఏం రాయమంటారు?”

“మా ఇల్వాకి ఏడేళ్లు. పోయిన వారమే బళ్లో వేశాం. ఇప్పుడు వాళ్ల నాన్న దగ్గరుంది. ఆయనకి జడ వేయడం రాదు, రబ్బరు బ్యాండు పెట్టి పంపిస్తున్నాడు... రాయండి. నయమైందని.”

“ఎప్పట్నుంచి?”

“ఇవాళ్టి నుంచి.”

“నయమైన తేదీ, ఆగస్టు ఇరవైతొమ్మిది.”

“డాక్టరు సంతకం అక్కర్లేదా?”

“నయమవడానికి అక్కర్లేదు.”

“బావుంది. ఆరు రోజుల్లో తగ్గిపోయింది. జలుబే నయం, అది పది రోజులుంటుంది నాకు.”

“దీని కాపీ కూడా డిపోకి వెళ్తుంది.”

“వెళ్లనివ్వండి. కోర్టుకి చాలుతుందా?”

“నాకేం తెలుసమ్మా. మళ్లీ వస్తుందా అని అడుగుతారేమో.”

“అడుగుతారు.”

“మీరేమంటారు?”

“రాదంటాను. ఇంకేమంటాను. అయిపోయిందా, పెట్టేయనా? సైకిలు చప్పుడేదో వినిపిస్తోంది.”

“ఒక్క నిమిషం. ఇది నేను చెప్పకూడదు. మీ అడ్రసు మీద ఇంకో కాగితముంది. బార్బ్రో స్టాఫ్ అనే పేరుతో.”

“చెప్పాను కదా, ఇక్కడే ఉంటుంది.”

“ఎనిమిదింబావుకి ఫోన్ చేసింది, రైలు స్టేషన్ నుంచి. నేనే మాట్లాడాను. నయమైందని రాయమంటారా అని అడిగితే, చస్తే వద్దు, అలాగే ఉంచండి అంది.”

“అదీ తనంటే. మరి స్టేషన్‌లో ఏం పని?”

“అడ్రసు మార్పించుకుందమ్మా. ‘ఆ ఇంట్లో ఇక జబ్బుమనుషులెవరూ లేరు, అలా రాసుకోండి’ అంది.”