ఎనిమిది గంటల మెరిదా

సింగపూర్, బుకిట్ బటోక్‌లో ఎనిమిదో అంతస్తు ఫ్లాటు. పొద్దున తొమ్మిది. మంచం మీద తెరిచిన పెట్టె, దాని ముందు డెబ్బయ్యేళ్ళ లీలావతి, కిటికీ దగ్గర ఆమె భర్త వీరభద్రరావు.

"ఆ నీలం చొక్కా మళ్ళీ తీసేశావేం?"

"పెట్టె బరువెక్కుతోందండీ."

"చొక్కా బరువా? పెట్టు. అది చక్రధర్‌కి కొన్నది."

"ఎనిమిదేళ్ళ కిందటి కొలత అది. ఇప్పుడు వాడికి..."

"లావయ్యుంటాడు. వంటవాళ్ళందరూ లావవుతారు. అయినా పెట్టు. మాగాయ సీసా ఏదీ?"

"మాగాయ లేదు."

"నెల్లాళ్ళ కిందటే చెప్పానా, వాడికి పట్టుకెళ్ళాలని?"

"ఎండ ఏదండీ? ముక్కలు ఆరితేగా."

"నాలుగేళ్ళయింది నువ్వు మాగాయ పెట్టి. సింగపూర్లో నాలుగేళ్ళూ వానేనా?"

"మందులు పైఅరలో పెట్టాను. బీపీది పొద్దున, రక్తం పల్చబడేది రాత్రి. భువనకీ చెప్పాను. విమానంలో మీరు మరిచిపోయినా కూతురు మరవదు."

"మాట దాటేస్తావు."

"నేనేం దాటేశాను? డాక్టరు మాట మీరే దాటేశారు. దూరప్రయాణం వద్దన్నారాయన."

"వద్దనలేదు. కంగారు పడకూడదన్నాడు, అంతే. పొద్దున్నుంచి నాలుగుసార్లు సర్దావు, నాలుగుసార్లు తీశావు. నీ కంగారే నాకు అంటుకునేట్టుంది."

"ఇప్పటికైనా మానుకోండి. టికెట్లు పోతే పోయాయి."

"అమెరికాలో ఓడెక్కితే మూడోనాటికి ప్రొగ్రెసో రేవు. రేవు వంతెన సముద్రంలోకి ఆరున్నర కిలోమీటర్లట లీలా. తువాస్‌లో ముప్ఫై ఏళ్ళు ఓడలు బాగుచేశాను, అంత పొడుగు వంతెన చూళ్ళేదు. దానిమీద బస్సులో ఒడ్డుకి. అక్కణ్ణుంచి ముప్పావుగంటలో వాడుండే ఊరు, మెరిదా."

"ఓడ ఎంతసేపు ఆగుతుంది?"

"ఎనిమిది గంటలు."

"రానూపోనూ తీసేస్తే మిగిలేది ఐదారు. పది లక్షల మంది ఉన్న ఊళ్ళో ఆ కాస్తలో ఏం వెతుకుతారు?"

"వెతకను. నడివూళ్ళో పెద్ద చర్చి ఉంది. పాత గుళ్ళు పడగొట్టి ఆ రాళ్ళతోనే కట్టారట, నాలుగొందల ఏళ్ళు దాటింది. వాడు పంపిన కార్డు మీద బొమ్మ అదే. దాని ఎదురుగా తోట. తోటలో ఇద్దరు ఎదురెదురుగా కూర్చునే తెల్ల కుర్చీలు. ఊరంతా ఏదో ఒక వేళకి అక్కడికి చేరుతుందట. ఒకదాంట్లో కూర్చుంటా. రెండోదాంట్లో ఎవర్నీ కూర్చోనివ్వను. నందిత ఏమందో తెలుసా? హాకర్ సెంటర్లో తినేముందు సీటు పట్టుకోడానికి చోప్ చేసినట్టు టిష్యూ పొట్లం పెట్టుకో తాతా అంది. రెండు పొట్లాలు జేబులో వేసింది కూడా."

"చిన్నపిల్ల. దానికేం తెలుసు."

"నవ్వొచ్చు, ఫరవాలేదు. నువ్వు నవ్వి ఎన్నాళ్ళయింది?"

"రాకపోతే?"

"వస్తాడు."

"రాకపోతేనండీ?"

"వచ్చే ఏడు మళ్ళీ వెళ్తా."

"వెతకొద్దని ఆ కార్డులోనే రాశాడు కదా."

"అది కోపం. ఓడలో వంటపనికి చేరతానన్నప్పుడు నేనేమన్నాను? గరిటె తిప్పడానికి సముద్రం దాటాలా, నా కొడుకునని ఎక్కడా చెప్పుకోకు అన్నాను. ఆ రేవులో దిగినవాడు మళ్ళీ ఓడెక్కలేదు. ఆ మాట నేను వెనక్కి తీసుకోవాలి. ఫోనులో కాదు, ఎదురుగా కూర్చుని. నేను పోయేలోగా."

"అలా అనకండి."

"మరెలా అనను?"

"భువన టాక్సీ కోసం కిందికెళ్ళింది. పది నిమిషాలంది."

"లీలా, ఇటు చూడు. వాడు దొరకడం నీకిష్టం లేదా?"

"జిప్పు పట్టుకుంది. కాస్త లాగండి."

"తల్లివి. ఎలాగైనా తీసుకురండి అని ఒక్కసారైనా అనలేదు నువ్వు. టికెట్లు కొన్నరోజు నుంచీ చూస్తున్నా."

"కూర్చోండి. ఈ నీళ్ళు తాగండి."

"టాక్సీ వస్తోందన్నావు."

"వస్తే ఉంటుంది. కూర్చోండి ముందు. మీకు గుండె ఆపరేషనైన వారం మీ ఫోను నా దగ్గరుంది. ఎక్కడిదో పెద్ద నంబరు నుంచి మోగింది."

"ఎవరు?"

"వాడితో పనిచేసే మనిషట. ఇంగ్లీషులో చెప్పాడు. నాకొచ్చిన ఇంగ్లీషు చాల్లేదేమోనని మళ్ళీ చెప్పించుకున్నాను. రెండోసారీ అదే చెప్పాడు. మీరు గొట్టాల మధ్య ఉన్నారు. ఇంటికొచ్చాక చెబుదామనుకున్నాను. ఇంటికొచ్చాక, కాస్త తిరగనీ అనుకున్నాను. తర్వాత మీరు ఆ కార్డు ముందు పెట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టారు. భువనకి కూడా చెప్పలేదు."

"ఏం చెప్పాడతను?"

"చక్రధర్ ఇంక రాడండీ. రెండువేల ఇరవై ఒకటి, ఆగస్టు పదకొండు, బుధవారం పొద్దున, ఆ ఊరి ఆసుపత్రిలో జ్వరంతో పోయాడు."