మిషను ముందు మనిషిని నడవనివ్వని కాలేషా గారు

1990 అక్టోబరు 3వ తేదీ, బుధవారం. నరసరావుపేటలోని తమ ఇంట్లో తెల్లవారకముందే హజ్రా బీ గారు కొడుకు సంచి సర్దుతున్నారు. రెండు జతల బట్టలు, ఒక దుప్పటి, మామిడికాయ పచ్చడి సీసా, అన్నిటికంటే అడుగున కొత్త పానాలు.

“పానాలు అడుగున పెడితే ఎట్టమ్మా? పోంగానే అయ్యే కావాల.”

“పైన పెడితే సీసా పగులుద్ది. నోరు మూసుకొని బస్సెక్కు. ఆదివారం రాకపోతే నేనే వస్తా మాచర్లకి.”

ఆ సంచి భుజాన వేసుకుని, మన సహకార యంత్ర సేవా కేంద్రం మాచర్ల శాఖలో సహాయ మెకానిక్‌గా చేరిన ఇరవై అయిదేళ్ల యువకుడే, నేడు మన అందరి గౌరవాభిమానాల మధ్య ప్రధాన మెకానిక్‌గా పదవీ విరమణ చేస్తున్న శ్రీ కాలేషా గారు.

తొలి ఎనిమిదేళ్లు వారు ట్రాక్టర్లకూ నూర్పిడి యంత్రాలకూ సేవ చేశారు. ఇంజను శబ్దం విని జబ్బు చెప్పగల చెవి వారికి అప్పుడే అబ్బింది. 1998లో కేంద్రానికి తొలి కోత మిషను వచ్చినప్పుడు, దాని బాధ్యతను పెద్దలు మరొక ఆలోచన లేకుండా వారికే అప్పగించారు.

వరి కోతకు ఆ మిషను చక్కగా పనిచేసింది. చిక్కు వచ్చింది శనగ చేలల్లో. శనగ మొక్క జానెడు, మహా అయితే మూరెడు, అంతకు మించి పెరగదు. కాయ దాదాపు నేల దగ్గర నుంచే మొదలవుతుంది. కట్టర్‌ను నేలకు నాలుగు వేళ్ల ఎత్తులో నడిపితే తప్ప పంట చేతికి రాదు. మన నేలల్లోనేమో నాపరాళ్లు, మొక్కల మాటున కనపడని గట్లు. అందుకని మిషనుకు పది అడుగుల ముందు ఒక మనిషి కర్ర పట్టుకుని నడిచేవారు. రాయి కనిపిస్తే కర్ర ఎత్తేవారు, డ్రైవరు కట్టర్ లేపేవారు. కోతలకు బయలుదేరే రోజున ఇంటింటి ఆడవాళ్లూ వచ్చి, ఎవరి నమ్మకం కొద్దీ వారు ఆ కర్రకు రక్షణగా ఏదో ఒకటి కట్టడం మన కేంద్రంలో ఆనవాయితీ.

చాలా ఏళ్లు ఆ కర్ర పట్టినవారు కృపావరం గారు. వారు నవ్వుతూ నడిచేవారు. కాలేషా గారికి మాత్రం ఆ నడక చూస్తే మనసు నిలిచేది కాదు.

“రాయిని నువ్వు చూస్తావు బావా. మిషను నీ ఈపెనక ఉంది, దాన్నెవురు చూస్తారు?”

“నా ఈపు సంగతి మీ అక్క చూసుకుంటదిలే బామ్మర్దీ. గోకమంటే గోకుద్ది గూడా!”

2012 శనగ కోతల్లో, దుమ్ములో డ్రైవరుకు ముందున్న మనిషి కనపడలేదు. శుభసందర్భానికి రాస్తున్న వ్యాసం కనుక ఇంతకన్నా వివరించడం లేదు.

ఆ తరవాత రెండేళ్లు కాలేషా గారు విశ్రాంతి ఎరుగరు. పెద్ద మిషన్లలో ఉండే ఏర్పాటు ఒకటి పుస్తకాల్లో బొమ్మలు చూసి, తెలిసినవారిని అడిగి అర్థం చేసుకుని, మన పాత మిషనుకు సరిపడేట్టు మలిచారు. కట్టర్ కింద ఒక ఇనుప కర్ర వేలాడుతూ నేలను రాసుకుంటూ సాగుతుంది. నేల ఎత్తయితే ఆ కర్ర పైకి లేస్తుంది. దాని మొదట్లో ఉన్న సెన్సారు ఆ సంగతి గ్రహించి కట్టర్‌ను దానంతటదే లేపుతుంది. పల్లం వస్తే దించుతుంది. ఇక మనిషి ముందు నడవనక్కర లేదు.

2014 ఫిబ్రవరిలో గురజాల దగ్గర ఒక శనగ చేలో పరీక్ష. అధ్యక్షులు రామబ్రహ్మం గారు ముందే తేల్చి చెప్పారు: “ఇవాళ పనిచేస్తే సరే. లేకపోతే ఎప్పట్లాగే రేపు మనిషిని పెట్టి కోతలు మొదలెడదాం. రైతులు ఆగరు కాలేషా.” రేపు ముందు నడవవలసిన మనిషి కూడా అక్కడే గట్టు మీద నిలబడి ఉన్నాడు.

మిషను కదిలింది. కట్టర్ లేచింది. లేచి, మనిషి రొమ్మెత్తున ఆగిపోయింది. ఎంతకీ దిగదు. గట్టు మీద చేరిన రైతులు అందుకున్నారు.

“ఏంది కాలేషా! శనగ కొయ్యమంటే సరుగుడు తోపు కొయ్యటానికి లేపావా?”

“ఊరుకో మావా, పనిలో పని కొబ్బరిబోండాలు దింపుతాడు!”

రామబ్రహ్మం గారు గడియారం చూసుకున్నారు. కాలేషా గారు మిషను ఆపించి, కట్టర్ కిందికి దూరి వెల్లకిలా పడుకున్నారు. చూద్దురు కదా, ఇనుప కర్రకు డ్రైవరు గోపాలకృష్ణయ్య గారి భార్య సుకన్య గారు కట్టిన నిమ్మకాయలు, హజ్రా బీ గారు కట్టిన తాయెత్తు, కృపావరం గారి భార్య జీవరత్నం గారు కట్టిన మట్టల ఆదివారం నాటి ఈతాకు సిలువ! ముందు నడిచే కర్ర ఇదేనంటే, పాత ఆనవాయితీ ప్రకారం ముగ్గురూ దీనికే కట్టారు. ఆ ముళ్లతో కర్ర కట్టర్‌కు అతుక్కుపోయింది. నేల తగులుతోందని సెన్సారు అనుకుంటూనే ఉంది.

“ఇంత బిగిచ్చి కట్టిందెవురమ్మా?”

పరీక్ష చూడటానికి వచ్చిన ఆడవాళ్లలోంచి జీవరత్నం గారు ముందుకొచ్చారు. “నేనే తమ్ముడూ. ఆయన కర్రకి కట్టింది వదులై జారిపోయింది. అందుకని ఈసారి గట్టిగా బిగిచ్చా.”

ఎవరో కొడవలి అందించబోతే కాలేషా గారు వద్దన్నారు. ఒక్కొక్క ముడినీ గోళ్లతో విప్పి, మూడింటినీ డ్రైవరు సీటు పక్కనున్న కొక్కేనికి తామే కట్టారు. “అక్కా, ఇంకెంత బిగిచ్చినా పర్లేదు. ఇక్కడ కట్టండి.”

మిషను మళ్లీ కదిలింది. కట్టర్ నేలకు నాలుగు వేళ్ల ఎత్తుకు దిగి, నాపరాయి దగ్గర లేచి, దాటి మళ్లీ దిగింది. గట్టు మీది మనిషి గట్టు మీదే ఉండిపోయాడు. రామబ్రహ్మం గారు తీర్మానం అక్కడికక్కడే చెప్పారు: “ఇకనుంచి మన మిషను ముందర మనిషి నడవటానికి వీల్లేదు. రాసుకోండి.”

అది మొదలు మన అయిదు మిషన్లకూ ఆ ఏర్పాటు వారి చేతుల మీదుగానే జరిగింది. ఎందరికో వారు పని నేర్పారు. కోతలకు వెళ్లిన ప్రతి బృందమూ ఇల్లు చేరిందని ఫోను వచ్చేదాకా వారు ఏ సీజనులోనూ అన్నం ముందు కూర్చోలేదు.

ఇకనైనా కాలేషా గారు వేళకు భోజనం చేసి, కంటినిండా నిద్రపోయి, మనవల ఆటబొమ్మలు బాగుచేస్తూ, చెవికీ చేతికీ పటుత్వం తగ్గకుండా నూరేళ్లు చల్లగా ఉండాలని మన కేంద్రం సిబ్బంది, వారి కుటుంబాలు మనసారా కోరుకుంటున్నాయి.

ఆ ఇనుప కర్ర వచ్చాక మన కేంద్రం నుంచి కోతలకు వెళ్లినవారందరూ తిరిగి వచ్చారు. కృపావరం గారు 2012 ఫిబ్రవరి 9వ తేదీ, గురువారం వెళ్లారు. తిరిగి రాలేదు.